పాలవ్వ పూచీ

నా చిన్నప్పుడు మా అన్నను పోలీసులు పట్టుకుపోయారు. మామిడితోటలో మోటారు పోయిందట. మేం యానాదులం. ఊళ్లో ఏది పోయినా ముందు మా గుడిసెలకే వచ్చేవారు. అన్నకు అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు.

జామీను ఇచ్చారు, కానీ భూమి ఉన్నవాళ్లు పూచీ పడాలన్నారు. మాకు సెంటు నేల లేదు. మా నాయన ఏళ్ల తరబడి ఎవరి పొలాల్లో ఎలుకలు పట్టాడో వాళ్ల గడపలన్నీ తిరిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. జామీను వచ్చినా అన్న జైల్లోనే ఉన్నాడు. అమ్మ పొయ్యి ముట్టించడం మానేసింది.

ఊళ్లో పాలమ్మే అవ్వకు కాస్త చేను ఉండేది. కొడుకు వద్దంటున్నా వినకుండా ఒకరోజు పొద్దున్నే వచ్చి మమ్మల్ని కోర్టుకు బయలుదేరదీసింది.

"వాడు పారిపోతే నీ నేల పోతుంది, తెలుసా?" అని జడ్జిగారు అడిగారు.

"తెలుసు సారూ. వాడు లోపలే ఉంటే వాళ్లమ్మ పోతాది. అదీ తెలుసు."

అన్న విడుదలయ్యాడు. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. చివరికి కేసు కొట్టేశారు. కానీ అవ్వ పూచీ పడిన రోజు కోర్టు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఊరివాళ్లెవరూ అవ్వ పక్కన కూర్చోలేదు. నేను వెళ్లి కూర్చున్నాను.

"ఇంగ కొన్నాళ్లు మన పాలు ఎవురూ పోయించుకోరు పాపా. ఒంటిగా ఉంటే చచ్చిపోంలే," అని నవ్వింది.

ఇప్పుడు కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. కిందటి నెల ఎదురింట్లో పనిచేసే గోదావరి పిల్ల మీద గాజుల దొంగతనం మోపారు. ఎవరైనా పూచీ పడితే కేసు తేలేవరకు బయట ఉండవచ్చన్నారు పోలీసులు. శుక్రవారాలు కలుసుకునే మా ఆడవాళ్లంతా ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండే అనుమతికే, ముప్పొస్తుందని భయపడ్డారు. నాకూ భయమే. వెళ్లి సంతకం పెట్టాను. ఆ పిల్లను నా గదిలో ఉంచుకోనివ్వమని మా ఇంటి యజమానురాలు మామాను బతిమాలాను.

"కేసు తేలేదాకే. తర్వాత ఖలాస్," అంది మామా.

అప్పటి నుంచి శుక్రవారాలు నన్నెవరూ పిలవడం లేదు. నేను ఫోను చేసినా ఎత్తడం లేదు. బాధగానే ఉంటుంది. కానీ ఒంటరిగా ఉండటానికి ఒప్పుకోవడం నేను ఆ బస్సులోనే నేర్చుకున్నాను. ఈ శుక్రవారం మధ్యాహ్నం కూడా ఎవరూ రాలేదు. ఆ పిల్ల మాత్రం నా గదికి వచ్చిన తర్వాత మొదటిసారి, నా మంచం మీద, కంటినిండా నిద్రపోతోంది.