సముద్రంలో వదిలిన చీరలు

మా ఇంటి మేడమీది గదిలో ఒక నర్సు పిల్ల కిరాయికి ఉండేది. సిద్దిపేటలోనే ఒక దవాఖానలో పని. సొంతూరు గోదావరి అవతల, రోడ్డు ఆగిపోయే చోట సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. చేపలు పట్టే వాళ్ల పిల్ల. నన్ను "ఆంటీగారూ" అని పిలిచేది. ఆంటీకి గారు తగిలించిన మనిషిని మా గల్లీ అంతకు ముందు చూడలేదు. పక్కింటి వాళ్లు కొన్నాళ్లు నన్ను అట్లాగే పిలిచి ఏడిపించారు.

మా అత్తమ్మ పక్షవాతంతో మంచాన పడినప్పుడు, ఆ పిల్ల డ్యూటీ నుంచి వచ్చి, తన గదికి మెట్లెక్కక ముందే మా గదిలోకి వచ్చేది. ఇద్దరం కలిసి అత్తమ్మను పక్కకు తిప్పేవాళ్లం. మంచంలో ఉన్న మనిషికి ఒళ్లు పుండు పడకుండా ఎట్లా చూసుకోవాలో ఆమే నాకు నేర్పింది. అత్తమ్మ పోయిన రోజున ఆఖరి స్నానం చేయిస్తుంటే వీపు మీద ఒక్క పుండు లేదు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా నాకు ఆ వీపు గుర్తొస్తుంది, ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆమెను మా ఇంటికి పంపినందుకు దండం పెట్టుకుంటాను.

పెళ్లయ్యాక ఆమె ఊరికి వెళ్లిపోయింది. ఒకరోజు ఫోన్ చేసి, మా శనివారం భజన వాళ్లను తమ ఊరికి తీసుకురమ్మని అడిగింది. మేం ఏటా బస్సు మాట్లాడుకొని ఏదో ఒక క్షేత్రానికి పోతామని ఆమెకు తెలుసు. వాళ్ల ఊళ్లో వేట తగ్గింది. మగవాళ్లు వేరే రాష్ట్రాల బోట్ల మీద పనికి పోయి నెలల తరబడి రావడం లేదు. ఆమె భర్త కూడా బయలుదేరేవాడే. ఊరికి నలుగురు యాత్రికులు వస్తే, తుఫాను షెల్టర్ మీది గదుల్లో వాళ్లకు చోటిచ్చి, వండిపెట్టి, పడవలో తిప్పి, ఉన్న ఊళ్లోనే బతకవచ్చని ఆమె ఆలోచన. కానీ షెల్టర్ ఊరందరిదీ. పెద్దలు ఒప్పుకోవాలి. కొత్తవాళ్లు వస్తే తీరం పాడైపోతుందని వాళ్ల భయం. చెప్పగా చెప్పగా ఒక్క బస్సును రానిమ్మన్నారట. అది చూశాక మాట్లాడదామన్నారట.

"ఆ ఒక్క బస్సూ మీదే కావాలండీ," అంది. "మీరు తాగరు, గోల చెయ్యరు. పొద్దున లేస్తే దేవుడే. మా పెద్దలకు చూపించడానికి మీకంటే మంచోళ్లు నాకెవరు తెలుసండీ?"

కాదనగలనా? మా భజనలో అందరికన్నా పెద్దామెను మేం పెద్దవ్వ అంటాం. ఆమె ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే. గుడి లేని ఊరికి ఎందుకు పోవుడు అని ముందు సణిగింది. మాఘపౌర్ణమికి సముద్రస్నానం చేస్తే అదే పెద్ద తీర్థమని నేను చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "అయితే పోదాం పా. గన్ని నీళ్లల్ల మునిగితే మల్ల ఏడాది దాకా తానం చెయ్యకున్నా నడుస్తది," అంది.

పౌర్ణమి ముందురోజు సాయంత్రానికి చేరాం. సరుగుడు తోటల మధ్య రోడ్డు సన్నబడి, ఇసుకలో కలిసిపోయింది. బస్సు అక్కడే ఆగింది. దిగి తోట దాటగానే నా కాళ్లు నిలబడిపోయాయి. చిన్నకోడూరు వైపు రిజర్వాయర్ నిండినప్పుడు కట్ట మీద నిలబడి, సముద్రమంటే ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నదాన్ని నేను. రిజర్వాయర్‌కు అవతలి ఒడ్డు ఉంది. దీనికి లేదు. పెద్దవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏందే గిది," అంది మెల్లగా, "దీనికి అవుతలి దిక్కే లేదా?"

మా నర్సు పిల్ల ఎదురొచ్చింది. వెనకాల ఊరి ఆడవాళ్లు. మేం స్నానం అయ్యేదాకా నీసు ముట్టమని ఆమె చెప్పి ఉంచిందట. ఒడ్డున ఎప్పుడూ ఆరబెట్టి ఉండే చేపలన్నీ ఎత్తి, మాకు వాసన రాకుండా ఊరి అవతలికి మార్చారు. అది వాళ్ల బతుకుతెరువు. ముక్కూ మొహం తెలియని మా కోసం ఎత్తిపెట్టారు. ఊరి పెద్దాయన ఒకాయన షెల్టర్ మెట్ల దగ్గర కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు. తాళ్లు లాగీ లాగీ ఆయన వేళ్లు వంగిపోయి ఉన్నాయి. మమ్మల్ని పలకరించి, మళ్లీ చూస్తూ కూర్చున్నాడు. మా పిల్ల మాకు మంచినీళ్లిస్తున్నా, చాపలు పరుస్తున్నా, ఆమె చూపు మాత్రం ఆయన మొహం మీదే ఉంది.

తెల్లవారుజామున స్నానానికి దిగాం. వెనక సరుగుడు చెట్లలో చంద్రుడు దిగిపోతున్నాడు, ఎదురుగా నీళ్లలోంచి సూర్యుడు వస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి కనిపించారు. ఆ దర్శనం ఇచ్చినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. పసుపు, కుంకుమ వేశాం, ఆకుదొప్పల్లో దీపాలు వదిలాం, మునిగాం. ఒడ్డున దుప్పటి అడ్డం పట్టుకొని పొడిచీరలు కట్టుకున్నాం. తడిసిన పాతచీరలను సముద్రంలో వదిలేశాం.

అది మా ఇళ్లల్లో ఉన్న పద్ధతి. బాసరలో అట్లాగే వదిలాం, కాళేశ్వరంలో అట్లాగే వదిలాం. నేను బడికి పోలేదు. అక్షరాలైనా, పూజలైనా నాయనమ్మ దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నాను. తీర్థంలో వదిలిన పాతబట్టతో పాటు పాపం కూడా పోతుందని ఆమె చెప్పింది. ఎటు పోతుందని నేను ఎన్నడూ అడగలేదు. నదిలో అయితే బట్ట కంటికి కనబడకుండా సాగిపోతుంది. ఇక్కడ అల దాన్ని తెచ్చి మళ్లీ మా కాళ్ల దగ్గర పడేసింది. పెద్దవ్వ నవ్వి, "గట్టి పాపమే ఉన్నట్టున్నది," అని, మోకాళ్ల లోతు దాకా పోయి తన చీరను లోపలికి నెట్టింది. ఆమెను చూసి మేమందరం నెట్టాం. అప్పుడు ఒడ్డున ఊరివాళ్లెవరూ లేరు. మా పిల్ల షెల్టర్‌లో మాకు ఉప్మా చేస్తోంది.

ఎండ వచ్చాక అలివి వల వేశారు. అంటే, పడవలో పోయి చాలా పెద్ద వలను అర్ధచంద్రంలా వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు జట్లు పట్టుకొని లాగుతాయి. ఆ వల ఊరందరిదీ. ఆడవాళ్లు కూడా లాగుతారు. మమ్మల్ని కూడా ఒక చెయ్యి వెయ్యనిమ్మని మా పిల్ల అడిగితే, పెద్దాయన తలూపాడు. ఊరి ఆడవాళ్ల మధ్య మేం ఒక్కొక్కరం నిలబడి తాడు పట్టుకున్నాం. పెద్దవ్వ భజన ఎత్తుకుంది. వాళ్ల కేకలు, మా పాట కలిసిపోయాయి. తాడు రానురాను బరువెక్కింది.

"బరువుందర్రా," అన్నాడు పెద్దాయన. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. "అమ్మోరి లాంటి ఆడాళ్లు తాడు పట్టారు కదా, ఉండదా మరి."

మా పిల్ల తాడు మీద నుంచి నా వైపు చూసింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. ఇక ఆమె భర్త ఎక్కడికీ పోనక్కర లేదని నేనూ అనుకున్నాను.

వల నడుమ చేపలు చేరే సంచీ అలల్లోకి వచ్చింది. నీళ్లలో ముందున్న మనిషి దాన్ని చూసి అరిచి తాడు వదిలేశాడు. నా పక్కన లాగుతున్న ఆడమనిషి తల మీద చేతులు పెట్టుకుంది. ఏమైందని అడిగాను.

"చీరమ్మా," అంది. "వల్లో చీర."

ఆ మాటకే తాడు పట్టుకున్న ఆడవాళ్లందరూ ఇళ్ల వైపు పరుగు తీశారు. తమ బిడ్డలను పేరు పెట్టి పిలుస్తూ, తలుపులు తోస్తూ. ఒకామె కోడలిని పిలుస్తోంది. ఒకామె ఇద్దరు కూతుళ్లనూ మార్చి మార్చి పిలుస్తోంది. ఇళ్లలోంచి ఒక్కొక్కరు బయటికొచ్చి ఏంటమ్మా అంటుంటే, వాళ్లను పట్టుకొని ఏడుస్తున్నారు. పెద్దాయన, మా పిల్ల భర్త నీళ్లలోకి దూకారు. పెద్దాయన ఆ వంగిన వేళ్లతో తడిబట్టను మడత మడతా విప్పి, లోపల తడిమి చూస్తున్నాడు. మనిషి మొహం కోసం వెతుకుతున్నాడు. ఒక చీర తీసి భుజాన వేసుకుంటున్నాడు, దాని కింద ఇంకొకటి. మళ్లీ తడుముతున్నాడు.

ఆయన భుజం మీద ఉల్లిపొర రంగు చీర, పచ్చంచు. అది నాది.

ఎట్లా నడిచానో తెలియదు, నీళ్లలోకి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మనిషి లేరు, పెద్దాయనా. గవ్వి మా చీరలు. పొద్దుగాల మేమే ఇడిసినం."

ఆయనకు అర్థం కాలేదు. నన్ను చూస్తూనే ఆఖరి చీర దాకా తడిమాడు. ఎవరూ లేరని చేతులకు తెలిశాక, అలలోనే కూలబడ్డాడు.

"వల్లో గుడ్డ కనపడితే మాకు ముందు మనిషే గుర్తొస్తాడమ్మా," అన్నాడు. భుజం మీది చీరలు నా చేతికిచ్చి, "ఎందుకు వదిలారు?" అని అడిగాడు.

పెద్దవ్వ చెప్పింది. "పాపం పోతదని, తమ్మీ."

"పోయిందిగా," అన్నాడు. "మా వల్లోకి."

చీరలు ఇసుకతో నిండి రాళ్లలా బరువెక్కాయి. ఆ బరువుకు సంచీ దగ్గర వల బారెడు చినిగింది. పడ్డ చేపలు అందులోంచి జారిపోయాయి. మా పిల్ల ఒడ్డున నిలబడి పైటకొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఉంది నాకు.

వల ఒడ్డుకు లాగి, మేమందరం ఇసుకలో కూర్చుని, దానికి చుట్టుకుపోయిన మా చీరలను విడదీశాం. ఇళ్లకు పరుగెత్తిన ఆడవాళ్లు తిరిగొచ్చి మా పక్కన కూర్చున్నారు. తిట్టలేదు. వల నష్టానికి ఏమైనా ఇస్తామంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మాలో ఒకామె మగ్గం నేసే ఇంటి కోడలు. తెగిన పోగు అతకడం నాకొచ్చిన పనే అని చిరుగు దగ్గర కూర్చుని ముళ్లు వేసింది. ఒక చేపలాయన చూసి, చాలా బాగుందమ్మా అన్నాడు. ఆమె అటు తిరగగానే ఆ ముళ్లన్నీ విప్పి తన పద్ధతిలో వేసుకుంటున్నాడు. ఆమె చూడనే చూసింది.

"మంచిగున్నదంటివి కదనే అన్నా. గిదేనా మంచిగుండుడు?" అంది.

ఆయన సిగ్గుపడ్డాడు. అంత సేపటికి ఆ ఒడ్డున ఎవరో నవ్వారు.

మధ్యాహ్నం షెల్టర్ కింద పెద్దలు కూర్చున్నారు. మేం సామాను సర్దుకొని ఒక పక్కన నిలబడ్డాం. చూశాంగా, ఇక చాలు అన్నారు ఇద్దరు ముగ్గురు. మా పిల్ల తల వంచుకొని నిలబడింది. పెద్దాయన మాత్రం, ఇంకో బస్సు చూద్దామన్నాడు. వాళ్లు ఏమీ వదలకుండా వెళితే షెల్టర్ తాళం ఈ పిల్లకిద్దాం, లేదంటే ఈ మాట మళ్లీ ఎత్తొద్దు అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"వచ్చేవాళ్లకి మేం చెబితే వినరమ్మా. దేవుడి పని కదా. నువ్వు చెప్పు."

ఊరి ఆడవాళ్లు మా చీరలను బావినీళ్లలో జాడించి, మూట కట్టి బస్సులో పెట్టారు. ఆ బస్సులో మేం భజన చేయలేదు. గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు పెద్దవ్వ కిటికీలోంచి నీళ్లను చూస్తూ, "కాళేశ్వరంల ఇడిసినయి ఎవలి వలల పడ్డయో," అంది.

తర్వాతి పౌర్ణమికి కొండపాక భజన వాళ్లు ఆ ఊరికి బయలుదేరారు. తెల్లవారకముందే పోయి వాళ్ల బస్సెక్కి చెప్పాను. చీరలు వదలొద్దని, తడిచీరలు మూట కట్టుకొని తెచ్చుకొమ్మని. ఒకామెకు కోపం వచ్చింది. ఇడిసిన పాపాన్ని మల్ల మూట గట్టుకొని ఇంటికి తెచ్చుకోవాల్నా, గిదేం శాస్త్రం, నువ్వెవలు చెప్పనీకి అంది. శాస్త్రం నాకు తెలియదన్నాను. వంగిన వేళ్లతో ఒక ముసలాయన నా చీర మడతల్లో మొహం కోసం ఎట్లా వెతికాడో చెప్పాను. ఇద్దరు కూతుళ్లనూ మార్చి మార్చి పిలిచిన తల్లి గురించి చెప్పాను. కోపపడ్డ ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

మర్నాడు పొద్దున్నుంచి ఫోన్ కొంగున కట్టుకొని తిరిగాను. వంట మీద మనసు లేదు, పూజలో మంత్రం తప్పింది. పది దాటాక మోగింది.

"ఇప్పుడే వల తీశామండీ, ఆంటీగారూ," అంది మా పిల్ల. గాలి హోరులో ఆమె గొంతు సరిగా వినబడడం లేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. "చేపలే పడ్డాయండీ. ఉత్త చేపలే."

ఆమె వెనక నుంచి ఆమె భర్త గొంతు వినబడింది. షెల్టర్ తాళంచెవి ఎక్కడ పెట్టావే అని అడుగుతున్నాడు.