మేస్త్రీగారు, స్టీరింగులో గాలి

మా కారు బాగుచేసే మేస్త్రీగారు పోయారని మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు చెప్పారు. నిద్రలోనే పోయారట. బయటికొచ్చి కారెక్కాను గాని, కాసేపు తాళం తిప్పబుద్ధి కాలేదు.

ధవళేశ్వరం దారిలో ఆయన షెడ్డు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఆరేళ్ల కిందట మా పాత కారుకి పవర్ స్టీరింగ్ పైపు మార్పించాక, స్టీరింగు తిప్పినప్పుడల్లా మూలుగు మొదలైంది. ఒకరోజు ఏటిగట్టు మలుపులో ఉన్నట్టుండి బిగుసుకుంది. ఎదురొచ్చిన ఆటోని వెంట్రుకవాసిలో తప్పించాను. స్టీరింగుకి ఆయిల్ తోసే పంపు పోయింది, మార్చాల్సిందేనని వేరేచోట తేల్చేశారు.

మేస్త్రీగారు మాత్రం ఆయిల్ డబ్బా మూత తీసి చాలాసేపు లోపలికే చూశారు. అంతా నురగ.

"పంపు మంచిదేనండి మేడంగారూ. లోపల గాలి చిక్కుకుంది. రండి, మీరే చూడండి."

ముందు చక్రాలు జాకీల మీద లేపి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమన్నారు. ఆయన ఆయిల్ పోస్తూ బుడగలు చూస్తున్నారు. నేను తొందరపడితే, "నెమ్మదండి. గాలికి దారి దొరకాలి కదా," అనేవారు. చేతులు నొప్పెట్టేదాకా తిప్పాక బుడగలు ఆగాయి. ఇంజిన్ ఆన్ చేసి మరికాసేపు తిప్పితే మూలుగు పోయింది.

"ఒకప్పుడు నేనూ ఒకాయన కారుకి మంచి పంపు మార్చేశానండి," అన్నారు చేతులు తుడుచుకుంటూ. "ఆ పాతది ఇంకో బండికి పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. ఆ పూటే ఆయనింటికెళ్లి, తప్పు నాదేనండి అని చెప్పాను. బాగా తిట్టారు."

తర్వాత అసలు సంగతి అడిగారు. "గాలి పోకముందే ఇంజిన్ ఆన్‌లో తిప్పితే నురగ అంత సన్నగా వస్తుంది, ఓ పట్టాన తగ్గదు. ఎందుకంటారు?"

ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. వారం తర్వాత వెళ్లి చెప్పాను: పంపు గాలిని చిలికేస్తుంది, అంత చిన్న బుడగలు పైకి తేలడానికి చాలాసేపు పడుతుంది.

"ఇన్నేళ్లూ చేస్తున్నానండి, ఎందుకో ఇవాళ తెలిసింది!" అన్నారు మొహం ఇంత చేసుకుని. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా నాకో ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఇప్పటికీ నా పాఠాల్లో సగం ఉదాహరణలు ఆ షెడ్డువే.

సమాధి చేసొచ్చాక వాళ్లింటికి వెళ్లాను. వంటింటి కిటికీలో మూత బిగించిన గాజు సీసా, అందులో సగానికి ఎర్రటి స్టీరింగ్ ఆయిల్.

"రోజూ కాఫీ తాగుతూ దీన్ని ఊపి చూసేవారండి," అన్నారు ఆయన భార్య. "ఏంటండీ అదీ అంటే, ఏ బుడగ ముందొస్తుందో చూస్తున్నానే అనేవారు."

ఆవిడ సీసా తీసి ఒకసారి ఊపి మళ్లీ కిటికీలో పెట్టారు. పెద్ద బుడగలు గబగబా తేలిపోయాయి. చిన్నవి ఎండలో మెరుస్తూ, ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం.