పావంగుళం రిజల్యూషను

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ చేతికొస్తే చాలు, మనిషి నడకే మారిపోయేది. నాదీ మారింది. బందరులో డిగ్రీ అయ్యాక ఆరు నెలల కోర్సు ఒకటి పూర్తిచేసి, పెడనలో ఒక కలంకారీ కార్ఖానాలో డిజైన్లు గీసే ఉద్యోగం సంపాదించాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ సంగతి మా నాన్నగారు మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చారు (కుక్కని కట్టేసుకోని రెండిళ్ళు తప్ప). రోజూ పొద్దున్నే బస్సు దిగి, రంగు గుడ్డలు ఆరేసిన దొడ్డి దాటుకుంటూ నా గదిలోకి వెళ్ళి కంప్యూటర్ మీద కప్పిన దుప్పటి తీస్తుంటే, ఊరు మొత్తం ఆ పని కోసమే ఎదురుచూస్తోందని నాకు గట్టి నమ్మకం. మూడు నెలలు ఆ నమ్మకానికి ఏ ఢోకా రాలేదు.

మా యజమానిని అందరూ మెంబరు గారనే పిలిచేవారు. ఎప్పుడో పంచాయతీలో వార్డు మెంబరుగా చేశారు, పదవి పోయినా పిలుపు మిగిలింది. ఇక కార్ఖానాకి ప్రాణం లాంటి మనిషి అచ్చుల బాబాయ్. టేకు చెక్క మీద పువ్వులూ లతలూ చెక్కి అచ్చు తయారుచేస్తాడు. దాన్ని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జేబులో ఎప్పుడూ ఒక దారపు ముక్క ఉండేది, కొలవడానికి. స్కేలు పెట్టి కొలిచేవాళ్ళంటే ఆయనకి కాస్త జాలి. నలభై ఏళ్ళుగా అచ్చులు చెక్కుతున్నా, అతుకు దగ్గర నూలుపోగంత తేడా వచ్చిందని ఎవరూ అనలేదట. ఈ మాట ఆయనెప్పుడూ చెప్పుకోలేదు, మిగతా అందరూ చెప్పేవారు.

ఇప్పుడు మా పనివిధానం చెప్పాలి, నవ్వకండి. కార్ఖానాకి కంప్యూటర్ వచ్చింది గానీ ప్రింటర్ రాలేదు. "ముందు ఇది పనికొస్తుందో లేదో చూద్దాం" అన్నారు మెంబరు గారు. అందుకని నేను తెర మీద డిజైన్ గీసి, కావలసిన కొలత వచ్చేదాకా పెద్దది చేసేదాన్ని. బాబాయ్ వచ్చి కిటికీ తలుపులు వేసి, పల్చటి కాగితం ఒకటి తెరకి అంటించి, వెలుగులో కనిపించే గీతల మీద పెన్సిల్ నడిపించేవాడు. ఆ కాగితమే తరవాత చెక్క మీదికి ఎక్కేది. ఆయన పెన్సిల్ నొక్కినప్పుడల్లా అద్దం పగులుతుందేమోనని నాకు భయం. "భయపడకమ్మాయ్, నా చేతిలో ఇంతవరకు ఏదీ పగల్లేదు" అనేవాడు.

ఇలా సాగిపోతుంటే ఒక ఆదివారం గుడివాడలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా బావ అక్కడ కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. అన్నం తింటూ, "మీ సిస్టమ్ రిజల్యూషన్ ఎంత పెట్టావ్?" అన్నాడు. తెలీదంటే పరువు పోతుంది కాబట్టి, "మామూలుగానే ఉంచాను" అన్నాను. "అంటే తెర అడ్డానికి ఎనిమిది వందల చుక్కలూ, నిలువుకి ఆరు వందలూనా? ఇంకా ఆ కాలంలోనే ఉన్నారా మీరు?" అని ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ నవ్విన నవ్వు నాకు ఆ రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. సోమవారం బస్సు దిగానో లేదో పరుగున గదిలోకి వెళ్ళి, చేతులు కడుక్కుంటూ ఆయన చెప్పిన పద్ధతిలోనే మౌసు కుడి బటన్ నొక్కి, సెట్టింగ్స్ తెరిచాను. అక్కడొక చిన్న మీట ఉంది. ఒక చివర తక్కువ, రెండో చివర ఎక్కువ. ఎక్కువ అని రాసి ఉంటే ఎక్కువ వైపు జరపని మనుషులు ఎవరైనా ఉంటారా? నేను చివరిదాకా జరిపేశాను.

తెర నల్లబడింది. రెండు క్షణాలకి మళ్ళీ వెలిగింది, ఎంత సన్నటి గీతలు, ఎంత చోటు. పొలం గట్లు తీసేసి పొలాలన్నీ ఒకటి చేసినట్టుంది. ఇది ఉంచమంటావా అని పదిహేను అంకె నుంచి వెనక్కి లెక్కపెడుతూ అడిగిందది. నేను పదమూడుకే ఉంచమన్నాను. ఆనందం పట్టలేక మెంబరు గారిని పిలుచుకొచ్చి, "రిజల్యూషన్ మార్చానండీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "రిజల్యూషన్ అంటే తీర్మానం కదమ్మా. మెంబర్లు లేకుండా ఒక్కదానివే ఎట్లా చేశావు?" అన్నారు. నిజంగానే అడిగారో ఎగతాళికి అడిగారో నాకు ఈనాటికీ తెలియదు.

అదే వారంలో చల్లపల్లి నుంచి ఒక గృహప్రవేశం ఆర్డరు ఉంది. గోడకి వేలాడదీసే ఆరు పెద్ద గుడ్డలు, ఒక్కోదాని నడుమ పద్మం, దాని చుట్టూ గుండ్రంగా లతల వలయం. అంత పెద్ద వలయానికి ఒకే అచ్చు చెయ్యరు. పావు వంతుకి అచ్చు చెక్కి, దాన్నే తిప్పి తిప్పి నాలుగుసార్లు అద్దితే వలయం పూర్తవుతుంది. ఆ పావు అడ్డమూ నిలువూ అయిదేసి అంగుళాలు ఉండాలి. నేను తెర మీద స్కేలు అడ్డంగా పెట్టి, సరిగ్గా అయిదంగుళాలు వచ్చేదాకా డిజైన్‌ని పెంచి, బాబాయ్‌ని పిలిచాను.

ఆయన కాగితం అంటించి సగం గీశాక ఆగాడు. "అమ్మాయ్, ఇది కాస్త పొట్టిగా ఉన్నట్టు లేదూ?" అన్నాడు. "ఏది బాబాయ్ గారూ?" అన్నాను. "అడ్డం బానే ఉంది. నిలువే తగ్గినట్టుంది" అంటూ జేబులోంచి దారం తీశాడు. అప్పుడన్నాను నేను ఆ మాట. ఎవరి మీదా కోపం లేకుండా, హాయిగా, నవ్వుతూనే అన్నాను. "ఇది కంప్యూటర్ గీసింది బాబాయ్ గారూ, పొరపాటు రాదు. మీరే ఓసారి కళ్ళజోడు మార్పించుకోవాలేమో చూడండి." ఆయన నావంక ఒకసారి చూసి, దారం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మిగతా సగం గీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు కూర్చుని అచ్చు చెక్కాడు. అది చూసి నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, అంత బాగుంది. అద్దేవాళ్ళు బల్ల మీద గుడ్డ పరిచారు. మొదటి పావు అద్దారు, భలే ఉంది. అచ్చు తిప్పి రెండో పావు అద్దారు. లత వచ్చి లతని కలవాల్సిన చోట రెండూ ఒకదాన్నొకటి దాటి వెళ్ళిపోయాయి. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ప్రతి అతుకు దగ్గరా పావంగుళం పైన తేడా. వలయం కాదు, చక్రాలూడిన బండిలా ఉంది.

బాబాయ్ వంగి ఒక్కో అతుకూ వేలితో తడిమాడు. తరవాత తన మూలకి వెళ్ళి, ఉలులన్నీ ఒక్కొక్కటే తుడిచి పాత గుడ్డలో చుట్టాడు. "మెంబరు గారూ, నా చూపు పోయిందండీ. ఆ రోజు ఈ అమ్మాయి చెబితే పట్టించుకోలేదు. ఇంకొకరి గుడ్డ పాడు చెయ్యను. రేపట్నుంచి రాను" అన్నాడు. "ఊరుకో అన్నయ్యా, ఒక్కసారికేనా?" అని మెంబరు గారు చెయ్యి పట్టుకుంటే, "ఒక్కసారైనా రాకూడదండీ" అని మెల్లిగా విడిపించుకుని సైకిల్ తీశాడు.

గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ పావు డిజైన్ తెరిచి, అడ్డం మళ్ళీ అయిదంగుళాలకి తెచ్చాను. అడ్డం బానే ఉంది, నిలువే తగ్గిందన్న ఆయన మాట చెవిలో తిరుగుతోంది. స్కేలు నిలువుగా పెట్టి చూశాను. అయిదుకి పావంగుళం పైగా తక్కువ. నా చెయ్యే వంకరేమో అనుకుని, చేతికున్న గాజు తీసి తెరకి ఆనించి, గాజంత గుండ్రం ఒకటి గీశాను. పక్కలకి అతుక్కుంది, పైనా కిందా ఖాళీ. నేను గీసింది గుండ్రం, తెర చూపిస్తోంది కోడిగుడ్డు. మీట వెనక్కి, పాత చోటికి జరిపి మళ్ళీ గీసి చూశాను. గాజు నాలుగు వైపులా కూర్చుంది, ఆ చివరి రిజల్యూషన్ మా తెర ఆకారానికి సరిపడక నిలువుని అణిచేస్తోందన్నమాట. దొరికింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంబరం అంతా ఇంతా కాదు, కుర్చీలోంచి ఎగిరి లేచాను. లేచాకగానీ నాకు మెదడు పనిచెయ్యలేదు: తప్పు ఆయన కళ్ళది కాదు, నాది.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. మీట పాత చోటికి వచ్చేసింది. గుండ్రం గుండ్రంగా ఉంది. నేను నోరు మూసుకుంటే ఈ భూమ్మీద ఎవరికీ తెలిసే దారి లేదు. చెబితే ఉద్యోగం పోతుంది, నాన్నగారు మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి ఏం చెబుతారు? ఇదంతా ఆలోచించాను, ఎంతసేపని, రెండు నిమిషాలు. అంతలో ఆయన నా మాట విని దారం జేబులో పెట్టుకోవడం కళ్ళ ముందు కనబడింది. ఏడుపొచ్చేసింది. సాక్ష్యం ఉండాలని మీటని మళ్ళీ ఎక్కువ వైపు జరిపి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను.

రైల్వే గేటు పడి ఉండబట్టి దొరికాడు. సైకిల్ వెనక సీటు పట్టుకుని, "బాబాయ్ గారూ, మీ కళ్ళు బానే ఉన్నాయి. కంప్యూటర్‌కే చత్వారం వచ్చింది, నేనే తెప్పించాను" అన్నాను. వగరుస్తూ ఏం చెప్పానో ఆయనకి సగం కూడా అర్థమై ఉండదు. గేటు దగ్గర ఆగిన బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. "ఏడవకమ్మాయ్, పద చూద్దాం" అని సైకిల్ వెనక్కి తిప్పాడు.

గదిలో నా చేతి గాజుని తెరకి ఆనించి చూపించాను. ఆయన జేబులోంచి దారం తీసి అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మీట జరిపి చూపించాక మూడోసారి కొలిచాడు. అప్పుడు ఆ ముఖం ఎలా వెలిగిందంటే, నేనింతవరకు ఏ తెరా అలా వెలగగా చూడలేదు. "అయితే నాకు కనబడింది నిజమేనన్నమాట" అన్నాడు. తిడతాడేమోనని తల దించుకుని నిలబడ్డాను, తిట్టినా బాగుండును. "కంప్యూటరంటే నేనూ భయపడ్డాలేమ్మా. లేకపోతే దారం జేబులో పెడతానా?" అన్నాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్న మెంబరు గారు నా ఉద్యోగం ఊసే ఎత్తలేదు. "ఆ రిజల్యూషన్ని ఇప్పుడే రద్దు చెయ్యమ్మా. ఇకమీదట అన్నయ్య సంతకం లేకుండా ఏ తీర్మానమూ చెల్లదు" అన్నారు.

బాబాయ్ మూడు రోజుల్లో కొత్త అచ్చు చెక్కాడు. గుడ్డలు గృహప్రవేశానికి అందాయి. నాలుగు పావులు కలిసిన చోట ఎంత వెతికినా అతుకు కనబడలేదు. ఆ తరవాత నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ, కాగితం అంటించే ముందు ఆయన చెయ్యి చాపి, "ఏదీ, నీ గాజు ఇటివ్వు" అనేవాడు. నేను బుద్ధిగా తీసి ఇచ్చేదాన్ని.

ఇప్పుడు బందరులో ఒక ఆఫీసులో సెక్షన్ చూస్తున్నాను. తెరలు పల్చబడ్డాయి, నేను లావయ్యాను. పోయిన నెల మా సార్ లేనప్పుడు ఆయన సిస్టమ్‌లో ఏదో చూడబోయి సెట్టింగ్స్ కెలికాను. ఆయనొచ్చేసరికి తెర మీద వాళ్ళమ్మాయి పెళ్ళిఫోటోలో పెళ్ళికొడుకు ముఖం బూరెలా ఉబ్బింది. "ఏవయిందండీ దీనికి?" అన్నారు. "అప్‌డేట్ వచ్చినట్టుంది సార్" అని నా నోరు దానంతటదే అనేసింది, ఎంత నున్నగా అందో. సరిచేసి నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఎవరూ ఉద్యోగం మానెయ్యలేదు, అయినా ఆ రోజూ, మర్నాడూ అన్నం సయించలేదు. చివరికి వెళ్ళి, "సార్, అప్‌డేట్ కాదండీ, నేనే కెలికాను" అన్నాను. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే, "ఏ సంగతండీ?" అన్నారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒప్పుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఈసారి రెండు రోజులు పట్టింది. ఏం చేస్తాం, పరుగెత్తడానికి మోకాళ్ళు మునుపటిలా లేవు.