దూదితో తుడిచిన ముఖం

అల్లూరులో నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక పాత నెగటివ్‌ల పెట్టెలు నా పాలబడ్డాయి. తీరిక దొరికినప్పుడల్లా స్కాన్ చేస్తుంటాను. ఉప్పుగాలికి ఫిల్ము చాలావరకు బూజు పట్టింది. నాకేమో ఓపిక తక్కువ.

సంగతి తెలిసి మా చర్చికి వచ్చే ఒక పెద్దామె ఇంటికి వచ్చింది. వాళ్ళ అక్క పడుచుతనంలోనే చనిపోయింది. ఆమె దిగింది ఒకే ఒక్క ఫొటో, అదీ నాన్న తీసిందే. ఇంట్లో ఉన్న ప్రింటు తుఫాను నీళ్ళలో పాడైపోయింది.

"నా కళ్ళు కనపడేటప్పుడే ఇంకొకసారి చూసుకోవాల, నాయనా" అంది.

రెండు రోజులు వెతికితే నెగటివ్ దొరికింది. ముఖం మీదంతా బూడిద రంగు మరకలు. దూదికి స్పిరిట్ అద్ది శుభ్రంగా తుడిచేశాను. నా స్కానర్ నలుపు తెలుపు ఫిల్మును కూడా రంగుల్లోనే చదువుతుంది, బొమ్మకు లేత ఊదా ఛాయ అంటుకుంటుంది. మూడు రంగుల పొరల్లో ఆకుపచ్చది తేటగా ఉంటే దాన్నే ఉంచి నలుపు తెలుపులోకి మార్చాను. తెర మీదికి వచ్చిన ముఖం నిండా అమ్మవారి మచ్చలు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న కిటికీ దగ్గర కూర్చుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్ మీదే ముఖాలు దిద్దేవాడు. అలా దిద్దితే ప్రింటులో మచ్చలు కనిపించవు. నేను తుడిచింది మురికి కాదు, ఆయన పని. పోనీలే, అసలు ముఖం ఇదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆమెను పిలిపించాను.

ఆమె చాలాసేపు చూసింది.

"మా అక్కే. ఈ మచ్చలకు సిగ్గుపడి ఫొటోనే దిగనన్నది. 'అవి కనపడకుండా చేస్తాను, కూర్చోమ్మా' అని మీ నాయన మాటిచ్చినాడు. అప్పుడు కూర్చునింది."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆగమని ఆమెను బతిమాలుకున్నాను.

మౌస్ పట్టుకుని ఒక్కో మచ్చా దిద్దడం మొదలుపెట్టాను. మొదటిసారి మరీ నున్నగా చేసేసరికి ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తయారైంది. తిట్టుకుంటూ అంతా చెరిపి మళ్ళీ కూర్చున్నాను. చెంపల నీడలు, పెదవి పక్క గీత పోకుండా మచ్చలు మాత్రమే తీయడానికి ఆ రెండు రోజులూ పట్టాయి. నాన్న ఈ పని పూట లోపలే చేసేవాడు.

ప్రింటు వాళ్ళింటికే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె నా వైపు చూడలేదు. ఫొటోను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది.

"ఇంక ఎవురూ ఏమీ అనర్లే అక్కా" అని దానితో చెప్పింది.