మూడో అంతస్తు లైటు

ఏడేళ్లుగా ఒక ఆడమనిషి కళ్ల మీద నింద మోపి బతుకుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు.

బొగ్గుబావి ల్యాంపు రూములో పని చేసి రిటైరయ్యాను. బావిలోకి దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చేది నేనే. షిఫ్టంతా వెలుగుతుందని నమ్మకం కుదరని దీపాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేదు. కాలనీలో నాకున్న పేరంతా అదే. ఆ పేరు విని మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు తమ బిల్డింగు కరెంటు పని నాకు అప్పగించారు.

అక్కడ మెట్లకు కిటికీలు లేవు. పట్టపగలే చీకటి. కరెంటు పోతే బ్యాటరీ మీద వెలిగే ఎమర్జెన్సీ లైటు అంతస్తుకొకటి ఉండేది. నెలకోసారి కరెంటు ఆపి, అవి గంటసేపు వెలుగుతాయో లేదో కూర్చుని చూడాలి. నేను మాత్రం లైటుకున్న టెస్టు బటన్ నొక్కేవాణ్ణి. వెలిగేది. రిజిస్టరులో సంతకం పెట్టేవాణ్ణి. మూడో అంతస్తు లైటు రెండు నిమిషాలకే ఆరిపోవడం ఒకసారి కళ్లారా చూశాను కూడా. మార్చొచ్చులే అనుకున్నాను. బావి దగ్గరైతే అలా అనుకునేవాణ్ణా?

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు స్టార్ట్ కాలేదు. ఊడ్చే పని చేసే ఆమె, రాజవ్వ అందాం, మూడో అంతస్తు మెట్లు తుడుస్తోంది. లైటు వెలిగింది కదా అని తుడవడం పూర్తి చేసి, బకెట్టు ఎత్తుకుని దిగబోయింది. అప్పుడు ఆరిపోయింది. పైకి పోలేక, కిందికి రాలేక, గోడ తడుముతూ పిలిచిందట. నేను టార్చి పట్టుకుని వెళ్లేసరికి కింద పడి ఉంది. తుంటి విరిగింది.

ఆ సాయంత్రమే లైటు మార్చేశాను. మర్నాడు ఒప్పుకుందామనే ఆమె మంచం దగ్గరికి వెళ్లాను. నిజంగా అందుకేనా?

"లైటు ఆరిందా అన్నా? నాకు ఒక్కపారే చీకటైంది."

"ఆరలే చెల్లె. నీ కండ్లకే చీకటి కమ్మింది కావచ్చు."

ఆమె కళ్లు నులుముకుంది. "గంతే అయితది. మా ఆయన నీ చేతి దీపంతోనే బావిల దిగెటోడు. నువ్వు అబద్ధమెందుకు చెప్తవ్."

పోయేది ఉద్యోగమొక్కటే అయితే అప్పుడైనా నిజం చెప్పేవాణ్ణేమో. కానీ నా చేతి దీపం పట్టుకుని దిగినవాళ్లంతా ఆ పాత రోజుల్ని కూడా అనుమానంగా తలుచుకుంటారేమోనని భయపడ్డాను, ఆ భయం కోసం ఆమె చూపును బలిచ్చాను.

తుంటి అతికింది. రాజవ్వ మాత్రం మళ్లీ పనికి రాలేదు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా నమ్మలేదు. నా మాటే నమ్మింది. వాకిట్లోకి రావాలన్నా మనవరాలి భుజమో గోడో పట్టుకుంటుంది. మాది ఒకే గల్లీ. ఎదురుపడితే, పైలం అన్నా, మెట్లు చూసి దిగు అంటుంది.

ఇప్పుడు నెలనెలా ఆ లైటు కింద మెట్ల మీద గంటసేపు కూర్చుంటాను. గంట నిండేదాకా లేచి రాలేను. ఆ లైటు ఆరదు.

లైటు ఆరిపోయింది. రాజవ్వ కళ్లకు ఏమీ కాలేదు. ఈ రెండు మాటలు రాయడానికి ఏడేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. మా గల్లీలో ఆమె ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది.