మీనా అడిగిన చల్లటి దిమ్మ

జగదీష్‌కి ఉద్యోగం పోయిందని, అందుకే ముఖం చాటేస్తున్నాడని నోవై ఊళ్లో తెలుగువాళ్లంతా చెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. 1983 శీతాకాలమంతా అతను మంచులో కారు నడుపుకుంటూ రోజూ ఆఫీసుకు వెళ్లొస్తూనే ఉన్నాడు. వెళ్లలేనిది స్నేహితుడు శ్రీధర్ ఇంటికే.

ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకు సైన్సు చెప్పేవాడు జగదీష్. పైన ఆడవాళ్లు పులిహోర కలుపుతుంటే, కింద బోర్డు మీద ఓ రోజు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కార్నో ఊహించిన ఇంజిన్ గీశాడు. సిలిండర్లో గాలి. వేడి దిమ్మకు ఆనిస్తే వేడిని తాగుతూ నెమ్మదిగా ఉబ్బుతుంది. దిమ్మ తీసేస్తే ఇంకాస్త ఉబ్బి చల్లారుతుంది. చల్లటి దిమ్మకు ఆనించి నొక్కితే వేడిని వదులుతూ కుంచించుకుంటుంది. అదీ తీసేసి ఇంకా నొక్కితే వేడెక్కి మొదటికొస్తుంది. ఏ మెట్టునైనా వెనక్కి తిప్పవచ్చు.

"రాపిడి లేదు గనక వేడంతా పనిగా మారిపోతుంది. రవ్వంత కూడా వేస్ట్ కాదు," అన్నాడు హుషారుగా.

"దెన్ ఆ చల్లది ఎందుకు అంకుల్? దానికి హీట్ ఇస్తోంది కదా?" అంది శ్రీధర్ కూతురు మీనా. పన్నెండేళ్లది.

"నాకు తెలీదా? కూర్చో!"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"నో అంకుల్, యు ఆర్ రాంగ్."

ఆ మాట మెట్లమీదున్న తల్లి విజయశ్రీ చెవిన పడనే పడింది. "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది? అంకుల్ కాళ్లకు దణ్ణం పెట్టి సారీ చెప్పు!"

మీనా వంగింది. అప్పుడు పడ్డాయి జగదీష్ కళ్లు, తను గీసిన చల్లటి దిమ్మ మీద. గాలి మళ్లీ మొదటికి రావాలంటే కొంత వేడి అక్కడ వదలక తప్పదు. ఎంత లోపంలేని ఇంజిన్‌కైనా అంతే. పాదాలకు చిన్న చేతులు తగిలాయి. తప్పు నాదేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం, "బాగా చదువుకోమ్మా."

తరవాతి ఆదివారం నుంచి జలుబు, కారు రిపేరు, ఆఫీసు పని. అన్నీ వంకలే.

చివరికి పక్క అపార్ట్‌మెంట్ రాధారాణిగారు సాంబారు గిన్నెతో వచ్చి గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమయ్యా, ఉద్యోగం పోయిందా? పోతే చెప్పు, దాపరికమెందుకు?"

"పోలేదు పిన్నిగారూ."

"మరి క్లాసుకు రావేం? ఆ మీనా స్కూల్లో కూడా చెయ్యెత్తడం మానేసిందట. అసలేం జరిగింది?"

అతను గిన్నె అందుకుని, తల దించుకునే చెప్పాడు.

"ఆ పిల్ల చెప్పిందే రైటండీ. అది తెలిసి కూడా కాళ్లకు మొక్కించుకున్నాను. ఈ ఆదివారం వస్తాను, పిల్లలందరి ముందూ తప్పు నాదేనని చెబుతాను. మీరు మాత్రం విజయశ్రీగారిని ఆ మెట్లమీదే నిలబెట్టండి."