గంట వినపడని కాశమ్మక్క

కాశమ్మక్క గొంతు గురించి ముందు చెప్పాలి. మా ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే చేపల వేలం మొదలవుతుంది. అంతమంది మగాళ్ళ అరుపుల మధ్య ఆవిడ ఒక్క కేక వేస్తే పాట పెట్టేవాడు ఇటు తిరగాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వేలంలో చేపలు పాడుకుని, ఐసు వేయించుకుని, గంప ఎత్తుకుని వీధుల వెంట అమ్ముకుంటుంది. ఐసు దిమ్మల్ని పిండి చేసే మిషను పక్కన రోజూ నిలబడీ నిలబడీ కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. చెవి తగ్గినకొద్దీ గొంతు పెరిగింది. కాశమ్మక్కతో రహస్యం మాట్లాడడమంటే మైకు పెట్టి చెప్పడమేనని నేనే బోలెడుసార్లు వేళాకోళం చేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నా పేరు రాధ. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆదివారాలు మా చర్చిలో పాటలు నడిపిస్తాను. హార్బర్ వెనక సందులో రేకుల కప్పున్న చిన్న మందిరం మాది. నా నోరు కాస్త దురుసు. ఎదుటివాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న దురద కూడా ఎక్కువే. దాచుకుని లాభం లేదు, ఈ కథంతా దాని చుట్టూనే తిరిగింది.

కాశమ్మక్క పుట్టింది గంగమ్మను కొలిచే ఇంట్లో. పెనిమిటి వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఒడ్డున కూర్చుని ఏడుస్తున్న రోజుల్లో మా చర్చి ఆడవాళ్ళు ఇద్దరు వెళ్ళి పక్కన కూర్చున్నారట. ఏమీ బోధించలేదట, ఊరికే కూర్చున్నారట. అందుకే మందిరానికి వచ్చానని చెబుతుంది. బాప్తిస్మం రోజున పాస్టరుగారు కరుణ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు, ఇక మేమేం పిలుస్తాం?

మా చర్చిలో శనివారం సాయంత్రం పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు ఒక కూడిక ఉంటుంది. ఆ వయసు పిల్లలతో వేగడం నా వల్ల కాలేదు. సండేస్కూలు పాటలంటే సిగ్గు, పెద్దల ఆరాధనంటే ఆవులింతలు. రెండు నెలలు నేను నడిపాను. ఫోన్లు లోపల పెట్టండి అని అరవడంతోనే గంట గడిచిపోయేది. ఇక మీ పిల్లలకో దండం అని పాస్టరుగారితో చెప్పేసిన రోజున కాశమ్మక్క లేచి, "నాను కూకుంతాను అయ్యగారూ" అంది. ఏడో తరగతి చదివిన మనిషి. నాకు నవ్వాగలేదు.

ఆవిడ ప్రసంగాలు చెయ్యలేదు. వాక్యం చదివితే ఒత్తుల దగ్గర తడబడేది, పిల్లలే సరిదిద్దేవారు. చదవడం అయ్యాక తలా ఒక చీటీ ఇచ్చేది. "ఈ వారం దేవుడికి ఏటి సెప్పాలనుందో రాయండి. నాకు సెవుడు, సెప్తే ఇనపడదు. సీటీలో ఉన్నది నాకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలీదు. సచ్చినా సెప్పను." అన్నమాట మీద నిలబడింది కూడా. రోజూ వేలానికి ముందు జెట్టీ చివర నిలబడి, సముద్రం వైపు తిరిగి, ఒక్కో పిల్ల పేరూ పిల్లాడి పేరూ పలికి ప్రార్థించేది. అక్కడ వినడానికి అలలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. గడ్డం త్వరగా రావాలని ఒకడు రాస్తే వాడి గడ్డం కోసం కూడా నిజంగా కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించిందట. ఒకరోజు జెట్టీ దగ్గర చాటుగా విన్న వాడే ఆ సంగతి అందరికీ చెప్పుకుని నవ్వాడు, ఆ తర్వాత ఒక్క శనివారం మానలేదు. ఆరుగురున్న కూడిక ఏడాదిలో పందొమ్మిది మంది అయింది. నోరు విప్పని పిల్లలు లేచి నిలబడి సొంతంగా ప్రార్థన చెయ్యడం చూసి నాకు కుళ్ళు పుట్టిన మాట నిజం.

ఆ పందొమ్మిది మందిలో ఆశ ఒకతె. పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. పాడితే మందిరమంతా చెవులొగ్గేది. వాళ్ళ నాన్న అర్జునరావుకు బోటింజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. మా సంఘపెద్ద ఆయనే. మాకు స్పీకర్లు కొనిచ్చింది ఆయనే, ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన చేసేది ఆయనే. తల్లి సత్యశ్రీ ఎండాకాలంలో కూడా మోచేతుల దాకా చేతులున్న జాకెట్లు వేసుకునేది. నేను అది చూశాను. చూసి, ఫ్యాషన్ అనుకున్నాను. ఆశ ఏడాది పాటు తెల్లచీటీ మడతపెట్టి ఇచ్చిందట. కాశమ్మక్క ఒక్కసారీ ఎందుకని అడగలేదు. వేసవి సెలవులు మొదలైన వారం మాత్రం ఆ చీటీ నిండా రాసింది.

ఆ తర్వాతి శుక్రవారం ఉపవాస కూడిక. సెలవులు కదా, పిల్లలందరూ వచ్చారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాస్టరుగారు "అందరం ఏకంగా ప్రార్థిద్దాం" అనగానే ఎవరికి వాళ్ళు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తారు. వంద గొంతులు ఒక్కసారి లేస్తాయి. ఎవరి మాట ఎవరికీ వినపడదు కాబట్టి ఎవరి గోడు వాళ్ళు ధైర్యంగా వెళ్ళబోసుకుంటారు. చివర పాస్టరుగారు గంట కొడతారు, అందరూ ఆపేస్తారు. కాశమ్మక్కకు గంట వినపడదు. అందుకని నేను ఎప్పుడూ పక్కనే కూర్చుని గంట మోగగానే మోకాలి మీద తట్టేదాన్ని. అయిదేళ్ళుగా నాకు ఆ ఒక్క పని.

ఆ రోజు గంట మోగడానికి కాస్త ముందు ఆవిడ నోట ఆశ పేరు విన్నాను. చెవి అటు వేశాను. గంట మోగింది. అందరూ ఆగారు. నా చెయ్యి గాల్లోకి లేచింది, కానీ కిందికి దించలేదు. తర్వాతి మాట ఏమిటో వినాలనిపించింది నాకు. అంతే.

"...ఆశ తల్లిని సూడు నాయినా. బెల్టుతో కొడతన్నాడంట. వొంటి నిండా వాతలంట. ఆ గుంట తలుపెనకాల నిలబడి నోరు మూసుకుని సూత్తందంట. అర్జునరావు సెయ్యి ఆపు తండ్రీ, ఆ సెయ్యి ఆపు..."

అప్పుడు తట్టాను. ఆవిడ కళ్ళు తెరిచింది. ఎక్కడా చప్పుడు లేదు. అందరూ తననే చూస్తున్నారు. విషయం అర్థమవడానికి ఆవిడకు రెండు క్షణాలు పట్టింది. ఆశ తండ్రి వైపు చూడలేదు, తల్లి వైపు చూడలేదు. కాశమ్మక్కనే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నేను పక్కన ఉండి చూశాను.

మర్నాడు పాస్టరుగారు కాశమ్మక్క ఇంటికి వెళ్ళి, "సంఘం రెండు ముక్కలవుతుందమ్మా. నువ్వు మాట్లాడకు, మేం సర్దుతాం" అన్నారు. వాళ్ళు సర్దింది ఏమిటో ఆదివారం తెలిసింది. ఆరాధన మధ్యలో సత్యశ్రీ లేచి, తన భర్త దేవుడిచ్చిన మంచి మనిషి అని, పిల్ల ఫోనులో సీరియళ్ళు చూసి ఏదో రాసిందని సాక్ష్యం చెప్పింది. పుస్తకంలోంచి చదువుతున్నట్టు చెప్పింది. అర్జునరావు లేచి, తన కూతురు అబద్ధమాడినందుకు సంఘం ముందు క్షమాపణ అడుగుతుందన్నాడు. పదమూడేళ్ళ పిల్ల నడిచి వచ్చి మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. మండిన ఒంటితో అలాగే కూర్చున్నాను.

లేచింది కాశమ్మక్క. మైకు అవసరం లేని మనిషి. "ఆ గుంట ఏటీ రాయలేదు. నానే కల్పించి సెప్పాను. వేలంలో అరిసి అరిసి నోరు పాడైపోనాది, ఏదో వొచ్చీసింది. సమించండి" అని నేల మీద మోకాళ్ళూనింది. అర్జునరావు పెద్దమనసు చేసుకుని "క్షమించాం" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను.

పిల్ల నోట అబద్ధం పలకకుండా కాపాడానని అనుకుంది ఆవిడ. ఆ సాయంత్రమే నాతో అంది, "దేవుడికి నాను సెప్పుకుంతాను రాధా. అది సిన్నపిల్ల, దాని నోట రాకూడదు" అని. శనివారం కూడిక ఆవిడ చేతుల్లోంచి తీసేసి నాకు అప్పగించారు.

ఇంటి లోపల మాత్రం ఏదీ మారలేదు. రెండు వారాలకి సత్యశ్రీ పెదవి చిట్లి కనబడింది. అర్జునరావు షెడ్డుకెళ్ళిన వేళ చూసి కాశమ్మక్క గంపతో వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. నన్ను కూడా రమ్మంది. ఈసారి గొంతు తగ్గించడానికి ఎంత అవస్థ పడిందో. "నా ఇంటికి వొచ్చీ తల్లీ. టేసనుకి ఎల్దాం. నాను సాచ్చికం సెప్తాను" అంది. సత్యశ్రీ చేపల వైపే చూస్తూ నిలబడింది. కాశమ్మక్కకు వినపడాలని దగ్గరకు వచ్చి ఎడమ చెవిలో నెమ్మదిగా చెప్పింది.

"ఆరోజు నాను అబద్ధం సెప్పాను. ఎవులైనా ఒక్కరు లేచి కాదంటే సాలని సూసినాను అక్కా. నువ్వు లేచినావు. లేచి, ఏటీ జరగలేదని వొందమంది ముందు సెప్పీసినావు. ఇప్పుడు నీ సాచ్చికం ఎవులు నమ్ముతారు?"

లోపలి గదిలో ఆశ సెలవుల హోంవర్కు చేసుకుంటోంది. కాశమ్మక్క పిలిచింది, రెండోసారి కూడా పిలిచింది. ఆ గొంతు వీధి చివరికి వినపడుతుంది. పిల్ల తలెత్తలేదు. మలుపు దగ్గర కాశమ్మక్క గంప దించి, "పిల్లకి అడ్డం పడి తల్లిని ముంచీసినాను" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నా చెయ్యి ఎందుకు ఆగిపోయిందో అప్పుడైనా చెప్పాల్సింది.

ఇప్పుడు శనివారం కూడిక నాదే. తండ్రి పంపిస్తాడు కాబట్టి ఆశ మానకుండా వస్తుంది. పాటలన్నీ పాడుతుంది, వాక్యాలన్నీ అప్పజెబుతుంది. మొన్న పిల్లలందరినీ ఏకంగా ప్రార్థన చెయ్యమన్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆశ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కాశమ్మక్కకు చెప్పాలని, ఏం ప్రార్థిస్తోందో విందామని మెల్లగా వెనక్కి వెళ్ళి వంగాను.

"థర్టీన్ సెవెన్ జా నైంటీ వన్. థర్టీన్ ఎయిట్ జా హండ్రెడ్ అండ్ ఫోర్..."

పదమూడో ఎక్కం చదువుకుంటోంది. అయిపోయాక పద్నాలుగో ఎక్కం మొదలుపెట్టింది. నేను గంట కొట్టగానే అందరితో పాటు ఆమేన్ అంది.

సోమవారం పొద్దున్న బస్సు కోసం వెళుతుంటే హార్బర్ గేటు దగ్గర కాశమ్మక్క ఎదురైంది. ప్రతి వారం అడిగే మాటే అడిగింది.

"ఒలే రాధా, ఆశ ప్రార్థన సేత్తందేటి?"

ఎడమ చెవి దగ్గర నోరు పెట్టాను. "సేత్తంది అక్కా. కళ్ళు మూసుకుని సేత్తంది. నాను దగ్గరకెళ్ళి సూసాను."

ఆవిడ గంప నేల మీద పెట్టేసింది. రెండు చేతులూ పైకెత్తి, "ఆ ఒక్కటీ ఉంచినావు తండ్రీ, ఆ ఒక్కటీ ఉంచినావు" అని ఏడుస్తూ అరిచింది. ఐసు లోడింగు చేస్తున్నవాళ్ళు ఆగి చూశారు. నేను గంప ఎత్తి ఆవిడ తల మీద పెట్టి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాను.